మెత్తని బూటు కాదు, నప్పిన బూటు కావాలి

గన్నవరం: తెల్లవారుజామున ఏలూరు కాలువ గట్ల మీద, పొలాల డొంకల్లో నడిచేవారు, పరుగెత్తేవారు కనిపిస్తుంటారు. వీరిలో షుగరు, బి.పి. వున్నాయని తెలిసి, డాక్టరు మాట మీద బయలుదేరిన భారీ మనుషులూ వున్నారు. కొందరు నెల తిరక్కుండానే మడమ నొప్పి అని, మోకాలి నొప్పి అని మానేస్తారు. పరుగు మానితే షుగరు మానదు కదా! అందుకే బూటు విషయం చిన్నదిగా తీసిపారేయరాదు.

నడిచేటప్పుడు పాదం మీద పడే భారం మనిషి బరువుకంటే కొద్దిగా ఎక్కువ. పరుగులో అది రెండు, మూడు రెట్లు అవుతుంది. 90 కిలోల మనిషి పరుగెత్తితే అడుగడుగుకూ ఒంటికాలి మీద 180 నుంచి 270 కిలోల భారం పడుతుంది. మన 75 కిలోల ధాన్యం బస్తాల లెక్కన రెండున్నర నుంచి మూడున్నర బస్తాలు! కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు పడతాయి. పలుచని అడుగు వున్న కాన్వాసు బూట్లు ఇందుకు చాలవు.

అట్లాగని దూదిలా మెత్తగా వున్నదే మేలనుకోవడమూ పొరపాటే. లక్సెంబర్గ్ దేశంలో 848 మంది మీద జరిపిన పరిశీలన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మెత్తని బూట్ల వల్ల దెబ్బలు తగ్గిన మాట నిజమే గాని, ఆ లాభం స్పష్టంగా కనిపించింది తేలికైన వారిలోనే. బరువైన వారిలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి మెత్తదనం ఒక్కటే చూసి డబ్బు పెట్టవద్దు.

మరి బెజవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లి బూట్లు కొనేవారు ఏం చూడాలి? సాయంత్రం పూట వెళ్లాలి, అప్పటికి పాదాలు కొంచెం వుబ్బి వుంటాయి. పరుగులో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. రెండు పాదాలూ ఒకే కొలత వుండకపోవచ్చు. పెద్దపాదానికి సరిపడేది తీసుకోవాలి. నిలబడినప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ వుండాలి. బరువైనవారికి పాదం వెడల్పు ముఖ్యం. పక్కలు నొక్కుతుంటే పొడుగు సైజు పెంచడం కాదు, వెడల్పు రకం అడగాలి. మడమ దగ్గర అట్ట గట్టిగా వుండాలి. బూటు వేళ్ల దగ్గర వంగాలి గాని నడుమ మడతపడరాదు. తడి గట్టు మీద జారకుండా అడుగున గాట్లు వుండాలి. కొట్లోనే పది అడుగులు పరుగెత్తి చూడండి. “వాడగా వాడగా సర్దుకుంటుంది” అనే మాట నమ్మవద్దు.

షుగరు వున్నవారు మరీ జాగ్రత్తగా వుండాలి. కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి, బూటు ఒరిసినా తెలియదు. చిన్న పొక్కు పుండై, కాలికే ముప్పు తేవచ్చు. తొడిగే ముందు బూటు దులపాలి, విప్పిన తర్వాత పాదాలు చూసుకోవాలి. ఇటువంటివారు పరుగుకు ముందు డాక్టరును అడగడం తప్పనిసరి.

పరుగు బూటు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికివస్తుందంటారు. భారీ మనిషి కాలికింద లోపలి ఫోము అంతకంటే ముందే అణిగిపోతుంది. రోజుకు మూడు కిలోమీటర్ల లెక్కన 500 కిలోమీటర్లు అయిదున్నర నెలలలో పూర్తవుతాయి. పైన కొత్తగా కనిపించినా ఒక పక్కకు ఒరిగిన బూటును పక్కన పెట్టాలి.

ఎంత మంచి బూటయినా తొందరపాటును కాయలేదు. మొదటి వారాలు నడకే చాలు. తర్వాత నడక మధ్య నిమిషం, రెండు నిమిషాల పరుగు కలపాలి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక వున్నా ఆరోగ్యానికి మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నేషనల్ హైవే అంచున గాక గట్టు మీద, బడి మైదానంలో సాగిస్తే కాళ్లకూ ప్రాణానికీ క్షేమం.