సి.సి. కెమేరాలలో బొమ్మ మసకబారినపుడు

గ్రామ పొలిమేరలోను, కూడలిలోను, దేవాలయము వాకిటను సి.సి. కెమేరాలు అమర్చుకొన్న గ్రామములు నేడు అనేకము కలవు. కొన్నిచోట్ల దాతల విరాళములతోను, కొన్నిచోట్ల పంచాయతీ నిధులతోను వీనిని నెలకొల్పినారు. కాని పాడిగేదెయో, మోటారు సైకిలో అపహరింపబడిన మరునాడు పోలీసువారు వచ్చి రికార్డు చూడగా, పొగమంచు వంటి తెలుపు తప్ప మనిషి ఆనవాలు దొరకకున్నచో ఆ వ్యయమంతయు ఏమి ప్రయోజనము? అట్టి సమయమున కెమేరా పాడయినదని, క్రొత్తది కొనవలెనని తీర్మానించుట సులభము. కొనుటకు ముందు లోపమెచ్చట నున్నదో కనుగొనవలెనని మా సలహా. పెక్కు సందర్భములలో కెమేరా నిర్దోషియని తేలును.

మొదట గమనింపవలసినది బొమ్మ ఏ వేళ చెడుచున్నదను విషయము. పగలు చక్కగా నుండి, రాత్రి మాత్రమే తెల్లగా పాలిపోవుచున్నచో అద్దమును పరిశీలింపుడు. చీకటి పడగానే కెమేరా కంటికి కానరాని పరారుణ కాంతిని ప్రసరింపజేసి, వస్తువులపై పడి తిరిగివచ్చిన వెలుగుతో బొమ్మ తీయును. అద్దము ముందు సాలెగూడున్నచో పగలు కనిపించని ఆ దారములే రాత్రి ఆ కాంతిని వెనుకకు కొట్టి తెరవలె అడ్డునిలుచును. దుమ్మును అట్లే చేయును. మెత్తని కుంచెతో బూజు దులిపి, తడిపిన నూలుగుడ్డతో తుడిచిన చాలును. పొడిగుడ్డతో గట్టిగా రుద్దరాదు. ప్లాస్టిక్ కప్పుపై గీతలు పడినచో ఆ మసక ఇక పోదు.

రాత్రివేళ బొమ్మ వణకుటయో, కెమేరా ఆగి మరల పనిచేయుటయో జరుగుచున్నచో విద్యుత్తును అనుమానింపవలెను. పరారుణ దీపములు వెలిగినపుడు కెమేరాకు ఎక్కువ విద్యుత్తు కావలెను. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగపై 12 వోల్టులను 100 మీటర్ల దూరము పంపినచో, కెమేరా అర ఆంపియరు తీసికొనునపుడు మూడు వోల్టులకు పైగా దారిలోనే హరించుకుపోవును. చేరునది ఎనిమిదిన్నర వోల్టులే. రాగిపూత పూసిన అల్యూమినియము తీగలో నష్టము ఇంకను హెచ్చు. కెమేరా చివరనే, రాత్రివేళనే వోల్టులు కొలిపించి, లావు తీగ వేయించుటయో, అడాప్టరును కెమేరా చెంతకు మార్పించుటయో చేయవలెను. పాత పద్ధతి కేబులు గల కెమేరాలలో బొమ్మపై చారలు ప్రాకుచున్నచో అతుకులలో వాననీరు చేరినదేమో, కేబులు కరెంటు తీగను అంటిపెట్టుకొని పోవుచున్నదేమో చూడుడు.

తెరపై ప్రత్యక్షముగా చూచునపుడు స్పష్టముగా నుండి, రికార్డులో మాత్రమే మసకగా నున్నచో లోపము రికార్డరు అమరికలో కలదు. ఇది సభ్యులు మిక్కిలి శ్రద్ధతో తెలిసికొనవలసిన సంగతి. ఒక కెమేరా సెకండుకు 2 మెగాబిట్ల చొప్పున నమోదు చేసినచో దినమునకు సుమారు 21.6 గిగాబైట్ల స్థలము పట్టును. నాలుగు కెమేరాలున్నచో 1 టెరాబైటు హార్డు డిస్కు పదునొకండు దినములకే నిండును. "నెల దినముల రికార్డు ఉండును" అని మాట యిచ్చిన వర్తకుడు చిన్న డిస్కు పెట్టినచో, ఆ మాట నిలుపుకొనుటకు అతడు బొమ్మ నాణ్యమును తగ్గించి యుండవచ్చును. కావున దినములు తగ్గించుకొందురో, పెద్ద డిస్కు కొందురో సభలోనే నిర్ణయించుకొనుట మేలు.

ఇవన్నియు సరిగా నున్నను ముఖము పోల్చరాకున్నచో కెమేరాపై మోపిన భారమే అధికమని తలచవలెను. 2 మెగాపిక్సెల్ కెమేరా అడ్డముగా 1920 చుక్కలతో బొమ్మను కూర్చును. ఎరుగని మనిషిని గుర్తించుటకు మీటరు వెడల్పునకు 250 చుక్కలు ఉండవలెనని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణము పేర్కొన్నది. ఇరువది మీటర్ల కూడలినంతను ఒకే కెమేరాతో చూపగోరినచో మీటరునకు 96 చుక్కలే వచ్చును. ఎవరో నడిచిరని తెలియును గాని, ఎవరో తెలియదు. కూడలికొక కెమేరా, ఊరిలోనికి వచ్చు ఇరుకు దారికి దగ్గరగా వేరొక కెమేరా ఉండుట యుక్తము. ఉదయ సాయంకాలములందు సూర్యునికెదురుగా నుండు దిక్కునకు త్రిప్పరాదు.

క్రొత్తగా అమర్చినను, బాగుచేయించినను, బిల్లు ఆమోదించుటకు ముందు ఒక రాత్రి సభ్యులలో నొకరు ఆ దారిని నడిచి, మరియొకరు మోటారు సైకిలుపై పోవలెను. మరునాడు రికార్డు తెరిపించి ముఖమును, బండి సంఖ్యను చదువగలుగుదురేమో పరీక్షింపుడు. తెరపై కనిపించు తేదీ, గడియారము సరిగా నున్నవో లేవో అపుడే చూచుకొనవచ్చును.