ముక్కులేని ట్రక్కు మళ్లీ మోగింది

సామాను వెతికితే దొరుకుతోంది... చెప్పే మేస్త్రీలే తగ్గిపోతున్నారు

విజయవాడ: పాత ఇనుము వ్యాపారి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. మూడోసారి ట్రాక్టరు, గ్యాసు కటింగు సామాను వెంట తెచ్చుకున్నాడు. గుడివాడ దగ్గరి ఒక పల్లెలో గొడ్లసావిడి పక్కన ఇరవై ఏళ్లకు పైగా కదలకుండా పడి ఉన్న ట్రక్కును ముక్కలు చేసి, కిలోల లెక్కన తూచి పట్టుకుపోవాలన్నది బేరం. బేరం కుదిరేదే. ఆ రోజు ఊళ్లో ఉన్న మనవడు అడ్డం పడ్డాడు.

తాతగారు కొన్న బండి అది. ధాన్యం బస్తాలు మోసింది. పెళ్లిళ్లకు వంటపాత్రలు మోసింది. ఒకటి రెండు కాన్పులకు ఆసుపత్రికి కూడా పరుగెత్తింది. అలాంటిదాన్ని తుక్కు కింద అమ్మడానికి కుర్రవాడికి మనసొప్పలేదు. కాని మనసొప్పకపోతే సరిపోతుందా? బండి కదలాలి కదా! దానికి సామాను ఎక్కడ దొరుకుతుంది? ఎవర్ని అడగాలి?

ఆ వెతుకులాట ఏడాదిన్నర సాగింది. పేర్లు పత్రికలో వేయవద్దని ఆ కుటుంబం కోరింది. వారు నేర్చుకున్న సంగతులు మాత్రం దాచుకోవలసినవి కావు. డెల్టా గ్రామాల్లో పాత బండి ఉన్న ప్రతి ఇంటికీ అవి పనికొస్తాయి.

ఏమిటీ బండి?

పెద్దవాళ్లు దీన్ని ముక్కులేని జీపు అనేవారు. అసలు పేరు ఎఫ్‌సీ-150. అమెరికాలో విల్లీస్ సంస్థ 1956 చివర్లో దీన్ని విడుదల చేసింది. డ్రైవరు ఇంజను వెనక కాకుండా దాని పక్కనే, ముందు చక్రాల మీద కూర్చుంటాడు. అందుకే బండికి ముందు బానెట్ ఉండదు. మిగిలిన పొడవంతా సరుకుకే.

మన దేశంలో మహీంద్రా సంస్థకు జీపులతో సంబంధం 1947 నుంచీ ఉంది. విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించేవారు. 1965లో ఈ ఎఫ్‌సీ-150 పెట్రోలు ట్రక్కుల తయారీ చేపట్టారు. నాలుగు చక్రాలకూ పట్టు ఉండే బండి కావడంతో బురదదారుల పల్లెలకు ఇది బాగా అచ్చివచ్చింది.

ఇంజను పేరు హరికేన్. నాలుగు సిలిండర్లు, 134 ఘనపు అంగుళాలు. అంటే సుమారు 2,200 సీసీ. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే వాల్వులు హెడ్డులో ఉంటాయి. పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఇప్పటి ఇంజన్లు మాత్రమే చూసిన మెకానిక్కు హెడ్డు విప్పి, మిగతా నాలుగు వాల్వులు ఏవని వెతుక్కోవడంలో వింతేమీ లేదు.

గొడ్లసావిడిలో అసలు ఇంజను

మనవడు బానెట్ లేని బండిలో ఇంజను మూత ఎత్తి చూసేసరికి లోపల ఉన్నది డీజిలు ఇంజను. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోవడంతో చాలామంది జీపుల్లో పెట్రోలు ఇంజన్లు దింపించి డీజిలువి ఎక్కించారు. ఈ ఇంట్లోనూ 1980ల్లో అదే జరిగింది. దింపిన ఇంజన్లు ఎక్కువగా తుక్కులోకే పోయాయి. ఇక్కడ మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఎప్పటికైనా పనికొస్తుందని తాతగారు పెట్రోలు ఇంజనుకు గోనెసంచులు చుట్టించి సావిడి మూలన ఇటుకల మీద పెట్టించారు. నాయనమ్మ చెప్పేదాకా అది అక్కడ ఉన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇంజను పట్టేసి ఉంది. ఇలాంటప్పుడు హ్యాండిలు పెట్టి బలంగా తిప్పితే పిస్టన్లో, రింగులో విరుగుతాయి. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. ఆ తర్వాత మెల్లగా అటూ ఇటూ కదపాలి. పదకొండో రోజున కదిలిందట.

ఆటోనగర్‌లో తొలి పాఠం

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని సామాను ఉండదని పేరు. 1960ల్లో మొదలైన ఈ పారిశ్రామికవాడలో లారీ బాడీలు కట్టేవారి నుంచి స్ప్రింగు కట్టలు సరిచేసేవారి దాకా అందరూ ఉన్నారు. కుర్రవాడు నేరుగా వచ్చి, జీపు బ్రేకు సామాను కావాలని అడిగి కొనుక్కుపోయాడు. ఇంటికెళ్లి చూస్తే కొలత కలవలేదు. రెండోసారీ అంతే.

మూడోసారి వచ్చినప్పుడు ఒక దుకాణదారుడు విసుక్కుని, ఊరికే రాకుండా పాత సామాను సంచిలో వేసుకు రమ్మన్నాడు. పాత బండి బాగుచేయించేవారికి మొదటి పాఠం ఇదే. విప్పిన సామాను ఎంత పాడైనా పారేయకూడదు. దొరకనిది లేతు మిషను మీద తయారు చేయించాలన్నా టర్నరుకు ఆ శాంపిలే ఆధారం.

బేరింగుల విషయంలో దిగులు అక్కర్లేదు. వాటి మీద చెక్కి ఉన్న నంబరే వాటి చిరునామా. బండి పేరు చెప్పకుండా ఆ నంబరు చెప్పినా బేరింగుల దుకాణంలో సరిపడేది ఇస్తారు. ఆయిలు సీలుకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి తెస్తే చాలు.

నట్లూ బోల్టులూ అన్నీ అంగుళాల లెక్కలోవి. మిల్లీమీటర్ల స్పానర్లతో విప్పబోతే మూలలు అరిగిపోతాయి. ఏడు పదహార్లు, అర అంగుళం, తొమ్మిది పదహార్లు... ఈ స్పానర్ల సెట్టు ఒకటి ముందుగా కొనుక్కోవాలి.

కింద జీపే, పైన వేరు

ఈ బండి సామాను వెతికేవారు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటుంది. నేల పలక కింద చాలామటుకు జీపే. పైన మాత్రం వేరు. హరికేన్ ఇంజను మామూలు జీపుల్లోనూ వచ్చింది. కాబట్టి పిస్టన్లు, రింగులు, ప్యాకింగులు, గేరుబాక్సు సామాను జీపువి పనికొస్తాయి. అమెరికాలో 1968లో ఆగిపోయిన సీజే-3బీ జీపు రూపం మన దేశంలో ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు నడిచింది. ఆ పుణ్యమా అని సామాను ఇంకా మిగిలి ఉంది.

క్యాబిను తలుపులు, ముందు అద్దం, దాని చుట్టూ రబ్బరు, ఇంజను మీది మూత మాత్రం ఈ ట్రక్కుకే ప్రత్యేకం. ఇవి దొరకడం గగనం. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి పాత సామాను బజార్లలో ఓపికగా వెతకాలి. పాత జీపులను బాగుచేయడంలో పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్వాలీలోనూ అడగవచ్చు. దొరకకపోతే టింకరింగు తెలిసినవాడే దిక్కు. ఈ బండి ఎడమ తలుపు కింది సగం అలా రేకు కొట్టి చేయించిందే.

ఒకప్పుడు సర్కారు శాఖలు పాత జీపులను వేలం వేసేవి. సామాను కోసం వాటిని పాడుకునేవారు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పోవలసిందే. ఒక దారి అలా మూసుకుపోయింది.

విరిగిన రెండు బోల్టులు

సామాను కన్నా సలహా ముఖ్యమని కుర్రవాడికి తెలిసింది చక్రాలు విప్పేటప్పుడు. కుడివైపు చక్రాల నట్లు మామూలుగానే వచ్చాయి. ఎడమవైపువి రాలేదు. తుప్పు పట్టిందనుకుని స్పానరుకు పైపు తగిలించి బలమంతా పెట్టాడు. రెండు బోల్టులు తెగిపోయాయి.

ఆటోనగర్ దుకాణదారు చెప్పగా, పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్ద మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తెగిన బోల్టు తుడిచి చూపించాడు. దాని మీద 'ఎల్' అన్న అక్షరం. ఆ కాలపు విల్లీస్ బళ్లలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉండేది. నడకలో నట్లు వదులు కాకుండా అలా పెట్టారు. వాటిని విప్పాలంటే బిగించే వైపు తిప్పాలి. కుర్రవాడు అంతసేపూ బిగిస్తూనే ఉన్నాడన్నమాట!

హ్యాండుబ్రేకు సంగతీ మేస్త్రే చెప్పాడు. ఇది వెనక చక్రాలను పట్టుకోదు. గేర్ల పెట్టె వెనక ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనక షాఫ్టు విప్పితే హ్యాండుబ్రేకు ఉన్నా లేనట్టే. చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టకుండా కిందికి దూరితే బండి మనిషి మీదికి వస్తుంది. ఇంజను ఎక్కించాక తెలుసుకోవలసిన సంగతి కాదిది, ప్రాణం మీదికి రాకముందే తెలియాలి.

రంగు ఆఖరి పని

చాలామంది పాత బండి దొరకగానే ముందు రంగు వేయిస్తారు. అది తలకిందుల పని అంటారు మేస్త్రీలు. వరస ఇలా ఉండాలట.

ముందు బ్రేకులు. ఒకే మాస్టర్ సిలిండరు నాలుగు చక్రాలకూ ఆయిలు పంపుతుంది. ఎక్కడ ఒక్క గొట్టం కారినా మొత్తం బ్రేకు పోతుంది. కాబట్టి కప్పులు, రబ్బరు గొట్టాలు, ఇనుప గొట్టాలు అన్నీ కొత్తవి వేయాలి. ఇంజనూ డ్రైవరూ ముందే ఉండడంతో ఖాళీ బండికి వెనక బరువు ఉండదు. తడిరోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు జారతాయి.

తర్వాత ఇంజను. సిలిండర్లు అరిగి ఉంటే బోరింగు కొట్టించి సైజు పిస్టన్లు వేయాలి. ప్లగ్గు వైర్ల వరస 1-3-4-2.

తర్వాత పెట్రోలు దారి. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరుకు ఇది పడదు. పెట్రోలు పంపు డయాఫ్రం, గొట్టాలు, కార్బురేటరు ప్యాకింగులు ఇథనాల్‌కు ఆగేవి వేయించుకోవాలి. ట్యాంకు కడిగించకుండా పెట్రోలు పోయకూడదు.

తర్వాత వైరింగు. విల్లీస్ తొలి బళ్లు 6 వోల్టులవి, తర్వాతివి 12. బల్బు మీదా డైనమో మీదా రాసింది చూసుకున్నాకే బ్యాటరీ కట్టాలి.

ఇవన్నీ అయ్యాక టింకరింగు. చిట్టచివర రంగు.

ఇంకో మాట. అంతా ఒకేసారి విప్పి కుప్ప పోయకూడదు. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసి, ఏ భాగం బోల్టులు ఆ భాగం పేరు రాసిన డబ్బాలో వేసుకోవాలి.

కాగితాలు ఏమంటున్నాయి?

యాభై ఏళ్లు దాటిన బళ్ల కోసం కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. కొత్తగా నమోదుకు రుసుము రూ.20,000. తర్వాత తిరిగి నమోదుకు రూ.5,000. గడువు పదేళ్లు. ఇదివరకే నమోదైన బండికి పాత నంబరే ఉంటుంది. కొత్తగా నమోదయ్యేవాటికి నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి.

అయితే షరతులున్నాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు కోసం తప్ప రోజువారీ తిరగరాదు. కిరాయికి తిప్పరాదు. తాతగారు దాచిన ఇంజను విలువ ఇక్కడ తెలుస్తుంది. డీజిలు ఇంజనుతో వెళ్తే అసలు రూపం ఏదన్న ప్రశ్న మొదట్లోనే వస్తుంది.

ట్రక్కులకు ఇంకో చిక్కుంది. నిబంధనలు సొంత వాడకం బళ్ల కోసం. సీ-బుక్కులో సరుకు రవాణా బండి అని ఉన్నవారు పైసా ఖర్చు పెట్టకముందే రవాణా కార్యాలయంలో విచారించుకోవడం మంచిది. సీ-బుక్కు, ఛాసిస్ నంబరు పెన్సిలు ప్రింటు చేతిలో ఉంటే అడగడం తేలిక.

మోగింది కాని...

కిందటి సంక్రాంతికి ఇంజను మోగింది. మేస్త్రి కార్బురేటరు స్క్రూను పావు మర అటూ ఇటూ తిప్పుతూ, చెవి ఒగ్గి వింటూ, ఒకచోట ఆపేశాడు. అక్కడే ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడట. చేతికి తెలుస్తుందన్నాడు.

బండి ఇంకా రోడ్డెక్కలేదు. అద్దం రబ్బరు రావాలి. కాగితాల సంగతి తేలాలి. ఈలోగా కుర్రవాడు ఒక పని పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం మేస్త్రి ఇంటికి వెళ్లి, ఆయన చెప్పేవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. మేస్త్రి కొడుకులిద్దరూ ఈ వృత్తిలో లేరు. ఈ పని నేర్పమని తనను అడిగినవాడు పదేళ్లలో ఇతనొక్కడేనట.

విరిగిన బోల్టు లేతు మీద మళ్లీ చేయించవచ్చు. అది ఏవైపు తిప్పాలో చెప్పే మనిషి పోతే ఆ సంగతి ఏ దుకాణంలోనూ దొరకదు. మీ ఊళ్లో అలాంటి మేస్త్రి ఉంటే, మీ ఇంటి చెట్టు కింద అలాంటి బండి ఉంటే, కాటా వచ్చేలోగా ఇద్దరినీ ఒకచోట కలపండి. నోటుపుస్తకం మరిచిపోకండి.