రేవు ఒకటి, సముద్రాలు రెండు

దుబాయ్ నగరపు దేరా ప్రాంతంలో, 1939లో కట్టిన చిన్న కోట చుట్టూ అల్లుకున్న నైఫ్ పేట, ఉపాధి కోసం అక్కడికి వెళ్ళిన తెలుగువారెందరికో పరిచితమైనదే. 1956లో దుబాయ్ పోలీసు శాఖ ఆ కోటలోనే మొదలైంది. బజారు వీధులు దాటి కొంత దూరం నడిస్తే ‘ఖోర్’ అని పిలిచే ఉప్పునీటి పాయ ఎదురవుతుంది. తరతరాలుగా ధౌ అనే చెక్క ఓడలు ఆ రేవు నుంచే ఇరాన్‌కూ, యెమెన్‌కూ, సోమాలియాకూ, గుజరాత్‌కూ సరుకు మోస్తున్నాయి. ఈ ఓడల సరంగును అక్కడ నాఖుదా అంటారు. స్వభావంలో ఏ పోలికా లేని రెండు సముద్రాల వాతావరణాన్ని ఒకే ప్రయాణంలో లెక్కకట్టుకోవలసి రావడమే అతని వృత్తిలోని అసలు చిక్కు.

మొదటిది పర్షియా సింధుశాఖ. దుబాయ్ దాదాపు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే కర్కటరేఖకు కాస్త పైన ఉంది కాబట్టి, కచ్చితంగా చెప్పాలంటే ఈ నీళ్ళు ఉష్ణమండలానికి అంచున ఉన్నవే తప్ప లోపలివి కావు. అయినా వేసవిలో వీటి పైపొర వేడి 35 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. ఈ సింధుశాఖ సగటు లోతు సుమారు 35 మీటర్లే కాగా, పొడవు మాత్రం వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అలల ఎత్తును నిర్ణయించేవి మూడు: గాలి వేగం, అది వీచే వ్యవధి, అడ్డు లేకుండా నీటి మీద అది సాగే దూరం. ఇక్కడ ‘శమాల్’ అనే వాయవ్యపు గాలి సింధుశాఖ పొడవునా వీస్తుంది కనుక, దాని దెబ్బ ఆగ్నేయపు కొసన ఉన్న దుబాయ్, రస్ అల్ ఖైమా తీరాలకు ఎక్కువగా తగులుతుంది. పైగా లోతు తక్కువైన నీటిలో అలలు నిటారుగా, ఒకదాని వెంట ఒకటి ఎడం లేకుండా లేస్తాయి. మహాసముద్రంలో అంతే ఎత్తున నిదానంగా వచ్చే అల కంటే ఇవి చిన్న ఓడకు ఎక్కువ ప్రమాదం.

చలికాలపు శమాల్, మధ్యధరా వైపు నుంచి తూర్పుకు కదిలే శీతల వాయుముఖం, అంటే చల్లగాలి వెచ్చగాలిని నెట్టుకుంటూ ముందుకు వచ్చే సరిహద్దు, దాటిపోయిన వెనుక విరుచుకుపడుతుంది. ఎండాకాలపు శమాల్ మరో రకం: ఇరాన్, పాకిస్తాన్‌ల మీద ఎండ వేడికి ఏర్పడే అల్పపీడనం అరేబియా వైపు గాలిని తనవైపు లాగుతుండగా, జాగ్రోస్ పర్వతాలు ఆ గాలిని సింధుశాఖ దారిన మళ్ళిస్తాయి. అది మోసుకొచ్చే ఇరాక్ ధూళికి ఎదుటి ఓడ కూడా కనిపించదు. చలికాలపు శమాల్ హోర్ముజ్ జలసంధి అవతలి సముద్రం మీద కూడా వీస్తుంది; అక్కడ అది లేపిన అలలు, గాలి ఆగిపోయాక సైతం ‘స్వెల్’ అనే దూరపు పొంగుగా భారత పశ్చిమ తీరాన్ని చేరుతుంటాయి.

హోర్ముజ్ దాటితే రెండో సముద్రం. అరేబియా సముద్రం తుపానుల నెలవు. మే, జూన్ నెలల్లోనూ, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ అవి పుడతాయి. 2007 జూన్‌లో పుట్టిన గోను తుపాను గాలులు గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని ఒమన్‌ను అతలాకుతలం చేయగా, ఎమిరేట్స్ తూర్పు తీరమైన ఫుజైరా, కల్బాలలోకీ సముద్రం చొచ్చుకొచ్చింది. ఒమన్ పర్వతాలూ, ఎడారి పొడిగాలీ అడ్డుపడుతుండటం వల్ల తుపానులు సింధుశాఖ దాకా వచ్చే పరిస్థితి సాధారణంగా ఉండదు.

తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది 2021 నాటి ఉదంతం. సెప్టెంబరు 26న శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ తుపాను, బలహీనపడుతూ తెలంగాణ, మహారాష్ట్రల మీదుగా గుజరాత్ చేరి, అరేబియా సముద్రపు వెచ్చని నీటిమీద మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అన్న కొత్త పేరుతో అక్టోబరు 3న ఒమన్ ఉత్తర తీరాన్ని తాకింది. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు 13 దేశాలు పేర్లు సమకూరుస్తాయి. వాటి గమనాన్ని లెక్కించి ఆ దేశాలకు సూచనలు పంపే ప్రాంతీయ కేంద్రం న్యూఢిల్లీలోని భారత వాతావరణ శాఖ. 2022 డిసెంబరులో తిరుపతి, నెల్లూరు జిల్లాలను తడిపిన మాండూస్ పేరు ఎమిరేట్స్ ఇచ్చినదే.

అంచనాల విషయంలోనూ రెండు సముద్రాలు ఒకటి కావు. ఉష్ణమండలానికి ఎగువన భూభ్రమణ ప్రభావం బలంగా ఉండి, గాలి పీడన రేఖలను దాదాపు అనుసరిస్తూ నడుస్తుంది కాబట్టి, శీతల వాయుముఖాన్ని కొన్ని రోజుల ముందే పసిగట్టి శమాల్ రాకను చెప్పవచ్చు. భూమధ్యరేఖ వైపు వెళ్ళేకొద్దీ ఆ పట్టు సడలి, మేఘాలు విడుదల చేసే వేడే గాలిని నడిపిస్తుంది. అందుకే తుపాను ఎటు పోతుందో చెప్పడం బాగా మెరుగుపడినా, అది ఎప్పుడు పుడుతుందో, ఎంత బలపడుతుందో చెప్పడం ఇంకా కష్టమే. ఉపగ్రహాలు నీటి గరుకుదనాన్ని బట్టి గాలిని కొలిచి ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. 2022 నవంబరులో భారత్ ప్రయోగించిన ఓషన్‌శాట్-3 ఆ పని చేసేదే. ఆ గాలి లెక్కలను అలల లెక్కలుగా మార్చి జాలరులకు అందించే ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రం లేని హైదరాబాదులో 1999 నుంచి పనిచేస్తోంది.

ఎమిరేట్స్ తీరానికి అబూధాబీలోని జాతీయ వాతావరణ కేంద్రం రోజూ సముద్ర సూచన ఇస్తుంది. అంతర్జాతీయ ఏర్పాటు ప్రకారం సింధుశాఖ, దాని పొరుగు జలాల్లోని ఓడలకు ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే బాధ్యత మాత్రం పాకిస్తాన్‌ది. ఏ సూచనలోనైనా కనిపించే అలల ఎత్తు, అన్నిటికంటే పెద్ద అలది కాదు; పెద్దవైన మూడో వంతు అలల సగటు. రెండు మీటర్లని రాసినచోట అప్పుడప్పుడు నాలుగు మీటర్లకు దగ్గరైన అల కూడా లేస్తుంది. చిన్న ఓడల ప్రమాదాల విషయంలో, అంచనా తప్పడం కంటే ఈ అంకెను గరిష్ఠమని భ్రమపడటమే ఎక్కువ హానికరం అనిపిస్తుంది.

యంత్రాలకు ముందు ఈ లెక్క నక్షత్రాలది. రస్ అల్ ఖైమా ప్రాంతపు జుల్ఫార్‌కు చెందిన నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ 15వ శతాబ్దంలో ఓడలు బయలుదేరవలసిన కాలాలను గ్రంథస్థం చేశాడు. ఆగస్టు చివరివారంలో సుహైల్ నక్షత్రం తెల్లవారుజామున కనిపించడాన్ని ఎమిరేట్స్ ప్రజలు నేటికీ ఎండలు తగ్గుముఖం పట్టే గుర్తుగా భావిస్తారు. అది భారతీయులు అగస్త్యుడని పిలిచే తారే. వానాకాలపు బురద నీళ్ళు ఆ తార ఉదయంతో తేటపడతాయని మనవారి నమ్మకం. భారతీయ చెక్క ఓడలకు నైరుతి రుతుపవనాల ఉధృతి కారణంగా జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ప్రయాణం నిషిద్ధం. ఆ మూడు నెలల్లో ఏ ఒక్కరోజు సూచన ప్రశాంతంగా ఉన్నా నిబంధన సడలదు. సెప్టెంబరు మొదలయ్యాకే గుజరాత్ రేవుల నుంచి అవి మళ్ళీ దుబాయ్ దారి పడతాయి.