గాలిలో పెరిగిన కర్బనం ఎక్కడిది?

భూగోళం వేడెక్కుతున్నదా అన్న విషయంపై శాస్త్రలోకంలో వాదం ముగిసి చాలాకాలమైంది. రైతు సదస్సులలోనూ తరగతి గదులలోనూ ఇప్పటికీ వినిపించేది రెండవ ప్రశ్న: వాతావరణం అనాదిగా మారుతూనే ఉన్నది కదా, సూర్యుడో సముద్రమో అగ్నిపర్వతాలో కాక మానవుడే కారణమని ఎలా నిర్ధారించారు? ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. శాస్త్రవేత్తలందరూ అంగీకరించారనడం దీనికి సమాధానమూ కాదు. అసలు సమాధానంలో ప్రధాన భాగం వ్యవసాయ విద్యార్థులకు పంటల శరీరధర్మశాస్త్రంలో పరిచయమైన విషయమే.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతంపై కొలతలు ప్రారంభించినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2023 నాటికి వార్షిక సగటు 420 దాటింది. ధ్రువప్రాంతపు మంచుపొరలలో చిక్కుకున్న పురాతన గాలిబుడగల ప్రకారం పారిశ్రామిక యుగానికి ముందు అది 280 దరిదాపులలో ఉండేది. కీలింగ్ గీసిన రేఖ రంపపు పళ్లను పోలి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో పైర్లూ అడవులూ ఏపుగా పెరిగే నెలలలో రేఖ దిగుతుంది. ఆకులు రాలి కుళ్లే కాలంలో పైకి లేస్తుంది. అయితే ప్రతి ఏటా దిగినదానికన్నా ఎక్కువగా లేస్తున్నది. ఆ మిగులు ఎక్కడిదన్నదే తేలవలసిన విషయం.

కర్బనానికి స్థిరమైన ఐసోటోపులు రెండు: కార్బన్-12, కొంచెం బరువైన కార్బన్-13. కిరణజన్య సంయోగక్రియలో మొక్క తేలికైన కార్బన్-12నే ఎక్కువగా స్వీకరిస్తుంది. వరి, వేరుశనగ, పత్తి వంటి సి3 మొక్కలలో ఈ ఎంపిక బలంగా ఉంటుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు వంటి సి4 మొక్కలలో తక్కువ. బొగ్గు, చమురు ఏర్పడినది ప్రాచీన వృక్ష, జీవ పదార్థం నుంచే కాబట్టి వాటిలోనూ కార్బన్-13 పాలు తక్కువే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే కొద్దీ అందులోని కార్బన్-13 పాలు తగ్గుతూ వస్తున్నది. అగ్నిపర్వతాల వాయువులలో గానీ, సముద్రజలంలో కరిగి ఉన్న కర్బనంలో గానీ ఆ పాలు ఇంత తక్కువగా ఉండదు. కలిసినది ఒకనాటి మొక్కల కర్బనమేనని దీనివల్ల తేలుతున్నది.

అడవులు నరికి కాల్చినా ఇదే గుర్తు కనిపించవచ్చునన్న ఆక్షేపణ న్యాయమైనదే. అడవుల నరికివేత వాటా నిజంగానే కొంత ఉన్నది. ఈ రెండింటినీ వేరుచేసేది కార్బన్-14. దాని అర్ధజీవిత కాలం 5,730 సంవత్సరాలు. నేటి చెట్టులో అది ఉంటుంది. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో మిగలదు. చెట్ల వలయాలను పరీక్షించిన హాన్స్ సూస్ గాలిలోని కార్బన్-14 పలచబడుతున్నదని 1955లోనే చూపారు. ఆ తరువాత జరిగిన అణుపరీక్షలు గాలిలో కార్బన్-14ను విపరీతంగా పెంచి కొన్ని దశాబ్దాలు ఈ లెక్కను చిందరవందర చేశాయి. ఈ తేడా తెలిసినవారు వరిగడ్డి పొగనూ బొగ్గు పొగనూ ఒకే గాటన కట్టరు. గడ్డిలోని కర్బనం ఆ పంటకాలంలోనే గాలి నుంచి తీసుకున్నది. దానిని తగులబెట్టడంవల్ల మసి, ధూళి, పోషకాల నష్టం వంటి కీడు చాలా ఉన్నా, శిలాజ ఇంధనంవలె కొత్త కర్బనం చేరదు.

జమాఖర్చుల లెక్క మరింత సులువు. శిలాజ ఇంధనాలవల్ల ఏటా 3,500 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. గాలిలో ఏటా పెరుగుతున్నది అంతకన్నా చాలా తక్కువ. అంటే నేలా సముద్రమూ మొత్తంమీద కర్బనాన్ని పుచ్చుకుంటున్నాయే తప్ప ఇవ్వడం లేదు.

ఇక సూర్యుని సంగతి. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని నేరుగా కొలుస్తున్నాయి. సుమారు పదకొండేళ్ల హెచ్చుతగ్గులు తప్ప పెరుగుదల కనిపించలేదు. పైగా సూర్యుడే కారణమైతే పై పొర అయిన స్ట్రాటో ఆవరణం కూడా వేడెక్కాలి. అది చల్లబడుతున్నది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కింద వేడి, పైన చలువ ఏర్పడతాయని మనాబే, వెథెరాల్డ్ 1967లోనే లెక్కగట్టారు. స్ట్రాటో ఆవరణపు కింది భాగంలో ఓజోన్ తరుగుదల కూడా ఈ చలువకు తోడ్పడిందన్న మాట నిజమే. ఇలాంటి జాడలు కూడే కొద్దీ అంతర్ ప్రభుత్వ బృందం భాష మారింది: 1995 నివేదికలో మానవ ప్రభావం గుర్తించదగినట్లు కనిపిస్తున్నదన్నారు, 2021 నివేదికలో నిస్సందేహమన్నారు.

కారణం తేలినంత మాత్రాన స్థానిక ప్రభావాలన్నీ తేలినట్లు కాదు. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక ప్రకారం 1901–2018 మధ్య భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. నైరుతి వర్షపాతం 1951–2015 మధ్య సుమారు 6 శాతం తగ్గింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టుకోగలదు కాబట్టి వాన పెరగాలి కదా అన్న సందేహం సహజం. గాలిలోని ధూళి, పొగ కణాలు ఎండను అడ్డుకుని నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడాను తగ్గించడం ఈ తగ్గుదలకు ముఖ్య కారణంగా భావిస్తున్నారు. ఆ కణాలూ మానవుని పనే. అంతమాత్రాన ఒక మండలంలో ఒక ఏడు తొలకరి ఆలస్యమైతే దానిని వాతావరణ మార్పు ఖాతాలో వేయడం శాస్త్రం కాదు. అలా చెప్పిన మరుసటి ఏడు వానలు సకాలంలో పడితే, విస్తరణ శాస్త్రవేత్త చెప్పే విత్తన శుద్ధి మాట కూడా రైతు నమ్మడు.

అదే ఐసోటోపు పరీక్ష ఇప్పుడు పొలం వైపు తిరిగింది. 2007 నుంచి గాలిలో మీథేన్ తిరిగి పెరుగుతున్నది, అందులోని కార్బన్-13 పాలు తగ్గుతున్నది. గనుల నుంచి, బావుల నుంచి వచ్చే మీథేన్ కన్నా సూక్ష్మజీవులు తయారుచేసేది తేలికైనది. చిత్తడినేలలు, పశువుల జీర్ణకోశాలు, చెత్త దిబ్బలు, నీరు నిలిచిన వరిమళ్లు దానికి నిలయాలు. వీటిలో దేని వాటా ఎంతన్నది ఇంకా వాదంలోనే ఉన్నది. వరిమడిని మధ్యమధ్య ఆరనిస్తే మట్టిలోకి ఆక్సిజన్ చేరి మీథేన్ తగ్గుతుంది. కాని అదే సమయంలో యూరియా ఎక్కువైతే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. అందువల్ల నీటి యాజమాన్యాన్నీ నత్రజని మోతాదునూ ఒకే ప్రయోగంలో కలిపి కొలవవలసి ఉన్నది.