చవక స్కోప్‌లో కనబడే అల నిజమైనదేనా?

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఫోన్ రిపేర్ నేర్చుకుంటూ మొదటి డిజిటల్ ఆసిలోస్కోప్ కొంటున్నారా? బాక్స్ మీద ‘సెకనుకు 10 లక్షల శాంపిల్స్’ అని చూసి మురిసిపోకండి, మెమరీ ఎంతో అడగండి. అది 1,000 పాయింట్లే అయితే, 100 మిల్లీసెకన్ల సిగ్నల్ ఒకేసారి చూడాలన్నప్పుడు స్కోప్ సెకనుకు 10,000 శాంపిల్సే దాచుకోగలదు. అప్పుడు చార్జర్‌లోని 60.1 కిలోహెర్ట్జ్ స్విచింగ్ నాయిస్ తెర మీద 100 హెర్ట్జ్ అలలా కనబడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు రెక్టిఫై అయ్యాక మిగిలే రిపుల్ కూడా సరిగ్గా అంతే! ఇంకేముంది, బాగున్న కెపాసిటర్ పీకేస్తాం.

పీకేముందు తెర మీది సమయాన్ని 1 మిల్లీసెకనుకు తగ్గించండి. (ప్రోబ్ అవుట్‌పుట్ వైపే, మెయిన్స్ వైపు వద్దు.) నిజంగా రిపులే అయితే అల సాగిపోయి పదో వంతే కనబడుతుంది. దొంగ అలైతే 60 సైకిళ్లు కిక్కిరిసి బయటపడతాయి.