గిలకలు మోగిన హాలే పిలిచింది!

1969 నవంబరు 17. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌. ప్రసిద్ధ కాన్సర్ట్‌హెబౌ హాల్లో ఆర్కెస్ట్రా కచేరీ మొదలైందో లేదో... గిలకలు, హారన్ల మోత! కొందరు యువ సంగీతకారులు గొడవకు దిగారు. ఎంతసేపూ పాత సంగీతమేనా, ఈ కాలం వాళ్లు రాసింది వాయించరా అన్నది వాళ్ల నిలదీత. వారిలో ముప్ఫయ్యేళ్ల లూయీ ఆండ్రీసెన్‌ ఒకరు.

ఆయన బయటివాడేం కాదు. తండ్రి హెండ్రిక్‌ పేరున్న స్వరకర్త. 1939లో యుట్రెక్ట్‌లో పుట్టిన లూయీ సంగీతం మధ్యే పెరిగారు. ఇటలీ స్వరకర్త లూచానో బెరియో దగ్గరా శిష్యరికం చేశారు.

గొడవతో ఆగలేదు. పెద్ద ఆర్కెస్ట్రాలకు రాయనని భీష్మించుకున్నారు. 1972లో సొంత బృందం పెట్టి, డచ్చి భాషలో ‘పట్టుదల’ అని పేరుపెట్టారు. 1975 నాటి ‘వర్కర్స్‌ యూనియన్‌’ మరీ తమాషా. లయ కచ్చితంగా రాసిచ్చారు... ఏ స్వరం పలికించాలన్నది మాత్రం వాయించేవాళ్ల ఇష్టం! సంగీత పద్ధతులు మారిస్తే రాజ్యానికే ముప్పన్నాడు ప్లేటో. ఆ మాటల్నే నలుగురు గాయనులతో పాడించిన రచన ‘డి స్టాట్‌’. 1976లో పూర్తయిన ఆ రచనే ఆయనకు దేశదేశాల్లో పేరు తెచ్చింది.

2013లో కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాకు 125 ఏళ్లు. కొత్త రచన కావాలని అది అడిగిందెవరినో తెలుసా? ఆండ్రీసెన్‌నే! 74 ఏళ్ల వయసులో ఆయన పాత పట్టు సడలించి ‘మిస్టీరియన్‌’ రాసిచ్చారు.

2021 జులై 1న 82 ఏళ్ల వయసులో ఆండ్రీసెన్‌ కన్నుమూశారు. ఈ కాలం సంగీతం వినమంటూ కొట్లాడిన మనిషి ఆయన. బతికుండగానే ఆ హాలు ఆయన సంగీతం వింది.