నిద్రకూ ఒక హక్కుంది

రాత్రి పదకొండున్నర. కొడిమ్యాలలో ఇషా నమాజు ముగిసి చాలాసేపయింది. అయినా ఒక తల్లి మేల్కొనే ఉంటుంది. ఒడిలో బీడీల చాట, పక్కన ఫోను. రియాద్‌లో అప్పుడు తొమ్మిది గంటలు. డ్యూటీ ముగించుకుని, వండుకుని తిన్నాకే కొడుకు ఫోన్ చేస్తాడు. మాటలు ముగిసేసరికి పన్నెండున్నర దాటుతుంది. ఫజ్ర్‌కు ఐదింటికి లేవాలి. మిగిలిన నిద్ర నాలుగున్నర గంటలే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనుషులను పంపిన ఎన్నో ఇళ్లకు ఇది తెలిసిన కథే.

'అలవాటైపోయింది' అంటారు ఆ తల్లులు. మనసుకు అలవాటవుతుందేమో గానీ, శరీరం మాత్రం లెక్క వదలదు.

పుట్టిన తేదీ చెప్పే వయసు ఒకటి, శరీర కణాలు చెప్పే వయసు మరొకటి. డీఎన్ఏపై వయసుతోపాటు మారే రసాయనిక గుర్తులను బట్టి ఈ రెండవ వయసును అంచనా వేసే పద్ధతిని 2013లో స్టీవ్ హోర్వత్ అనే శాస్త్రవేత్త వెలువరించారు. నలభై ఏళ్ల వారందరి కణాలూ ఒకే తీరుగా ఉండవని దీనివల్ల స్పష్టమైంది. నిద్రలో శరీరం తన మరమ్మతులు తాను చేసుకుంటుంది. ఆ సమయం తగ్గితే రక్తపోటు, మధుమేహం, ఊబకాయం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క రాత్రి నిద్ర కోత పడినా వయోధికుల రక్తకణాలలో ముసలితనానికి సంబంధించిన జన్యు సంకేతాలు హెచ్చాయి. బ్రిటన్‌లో దాదాపు 8,000 మందిని 25 ఏళ్లపాటు గమనించిన మరో అధ్యయనం 2021లో వెలువడింది. యాభై, అరవై ఏళ్ల ప్రాయంలో ఆరు గంటలు లేదా అంతకంటే తక్కువ నిద్రించినవారిలో మతిమరుపు వ్యాధి ఎక్కువగా కనిపించిందని అది తెలిపింది.

అలాగని ఎంత ఎక్కువ నిద్రిస్తే అంత మేలనుకోవడమూ పొరపాటే. పదమూడు లక్షలకు పైగా ప్రజల సమాచారాన్ని క్రోడీకరించిన 2010 నాటి పరిశీలనలో, తక్కువ నిద్రించేవారితోపాటు అతిగా నిద్రించేవారిలోనూ మరణాల రేటు ఎక్కువగా కనిపించింది. అతినిద్ర చాలాసార్లు లోపల దాగిన జబ్బుకు గుర్తు. అందుకే తొమ్మిది గంటలు దాటి నిద్రించినా అలసట తీరనివారు, గట్టిగా గురకపెట్టేవారు వైద్యునికి చూపించుకోవాలి. పెద్దలకు రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని నిపుణుల మాట.

నిద్ర వేళ కూడా ముఖ్యమే. సిరిసిల్ల మరమగ్గాలపై రాత్రి పాళీ చేసేవారు పగలు పడుకున్నా దేహంలోని గడియారం వెలుగునే అనుసరిస్తుంది. రాత్రి పాళీ పని మనుషుల్లో బహుశా క్యాన్సర్‌కు కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లోనూ అదే నిర్ణయాన్ని నిలబెట్టింది. పని మానలేనివారు పగటి గదినైనా చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచుకోవాలి. ఇంటిల్లిపాదీ అందుకు సహకరించాలి.

మన ధర్మం ఈ విషయంలో ఎంతో ముందుచూపు నేర్పింది. దివ్య ఖుర్ఆన్ నిద్రను విశ్రాంతి ప్రసాదంగా పేర్కొంది. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కబుర్లనూ మహాప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదు. అదేపనిగా ఆరాధనలో మునిగిన సహచరునికి సైతం, శరీరానికి తనపై హక్కు ఉందని బోధించారు. మధ్యాహ్నపు కైలూలా కూడా మనకు తెలిసిన సంప్రదాయమే. ఇరవై, ముప్పై నిమిషాల కునుకు అలసటను తగ్గిస్తుంది. అయితే అది రాత్రి నిద్రకు బదులు కాజాలదు.

మరి కొడుకుతో మాట్లాడవద్దా? తప్పక మాట్లాడాలి. కానీ వేళ మార్చుకోవచ్చు. రియాద్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇక్కడ మూడు గంటలు. భోజన విరామంలో పది నిమిషాలు యోగక్షేమాలు తెలుసుకుని, తీరిక కబుర్లను సెలవు దినమైన శుక్రవారానికి ఉంచుకోవచ్చు. బీడీల చాటను ఇషాతోనే పక్కన పెట్టి, ఫోనును పడక గది బయట ఉంచవచ్చు. పది గంటలకు పడుకుంటే ఫజ్ర్‌కు ఏడు గంటల నిద్ర పూర్తవుతుంది.

ఈ మాటను కొడుకే తల్లితో చెప్పాలి: 'అమ్మీ, నా కోసం మేల్కొని ఉండకు. పడుకో.' రెండేళ్లకో మూడేళ్లకో అతడు సెలవుపై వచ్చినప్పుడు ఆరోగ్యంతో ఎదురువచ్చే తల్లికంటే గొప్ప కానుక ఆ కొడుక్కి మరేముంటుంది?